అరిగే స్టిక్‌ను అతికించి అమ్ముతున్నారు

గేమ్ మొదలవుతుంది. చేతిలోని కంట్రోలర్ మీద బొటనవేలితో వంచే స్టిక్ ఉంటుంది కదా, దాని మీద వేలు పెట్టకముందే తెర మీద మనిషి ఎడమ పక్కకి నడవడం మొదలెడతాడు. షూటింగ్ గేమ్ అయితే గురి నెమ్మదిగా ఆకాశం వైపు లేస్తుంది. మెనూలో కావలసిన వరస మీద ఆపుదామంటే అది ఆగదు, కిందకి జారుతూనే ఉంటుంది. కంట్రోలర్‌తో ఎక్కువగా ఆడేవాళ్ళలో ఈ తిప్పలు పడనివాళ్ళు తక్కువ. 'డ్రిఫ్ట్ వచ్చింది' అంటే చాలు, ఎదుటివాళ్ళకి ఇంకేమీ వివరించక్కర్లేదు. భారతదేశంలో 2021లో సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు దాని డ్యువల్‌సెన్స్ కంట్రోలర్ విడిగా కొంటే 5,990 రూపాయలు. అంత ఖరీదైన వస్తువు, లోపల బ్యాటరీ బాగానే ఉండి, బటన్లన్నీ బాగానే ఉండి, చిక్కుడు గింజంత భాగం ఒకటి అరిగినందుకు మూలన పడుతోంది.

ఆ భాగం పేరు పొటెన్షియోమీటర్. కొత్తదేమీ కాదు. పాత రేడియోలో, యాంప్లిఫయర్‌లో వాల్యూమ్ తిప్పే గుండీ కింద ఉండేది ఇదే. ఏళ్ళు గడిచాక ఆ గుండీ తిప్పితే స్పీకర్లో గరగరమని చప్పుడు వచ్చేది గుర్తుండే ఉంటుంది. లోపల కార్బన్ పూత పూసిన సన్నటి పట్టీ, దాని మీద రాసుకుంటూ కదిలే లోహపు నాలుక, అంతే నిర్మాణం. కంట్రోలర్ స్టిక్‌కి ఇలాంటివి రెండు ఉంటాయి: ఒకటి కుడి ఎడమల కదలికకి, రెండోది ముందు వెనకల కదలికకి. పట్టీ రెండు చివరల మధ్య 3.3 వోల్టులు ఇచ్చారనుకుందాం. స్టిక్ నిటారుగా ఉన్నప్పుడు నాలుక పట్టీ నడిమధ్యన ఉంటుంది కాబట్టి అక్కడ 1.65 వోల్టులు కనిపిస్తాయి. ఒక పక్కకి పూర్తిగా వంచితే సున్నా వైపు, రెండో పక్కకి వంచితే 3.3 వైపు వెళుతుంది. ఆ వోల్టేజీని కంట్రోలర్‌లోని చిప్ అంకెగా మారుస్తుంది. డ్యువల్‌సెన్స్‌లో ఆ అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది, నడిమధ్య అంటే 128 దగ్గర.

ఇక్కడే ఒక చిన్న మర్యాదపూర్వకమైన అబద్ధం ఉంది. స్టిక్ వదిలేసినప్పుడు స్ప్రింగ్ దాన్ని ఎప్పుడూ సరిగ్గా అదే చోటికి తీసుకురాదు. ఒకసారి 126, ఒకసారి 131. కొత్త కంట్రోలర్‌లోనూ అంతే. అందుకే గేములు మధ్యలో కొంత మేర కదలికను లెక్కచేయవు. 'డెడ్‌జోన్' అనే సెట్టింగ్ అదే. డెడ్‌జోన్ పెద్దదిగా పెట్టిన గేమ్‌లో అరిగిన స్టిక్ కూడా కొన్నాళ్ళు బుద్ధిగానే కనిపిస్తుంది. సూక్ష్మమైన గురి కావాలని డెడ్‌జోన్ తగ్గించిన గేమ్‌లో అదే స్టిక్ మొదటి రోజే దొరికిపోతుంది. 'ఒక గేమ్‌లో బాగానే ఉంది, ఇంకో గేమ్‌లో డ్రిఫ్ట్ అవుతోంది' అనే అనుమానానికి కారణం చాలాసార్లు ఇదే. డెడ్‌జోన్ పెంచుకుంటూ పోవడం తాత్కాలిక ఉపశమనం మాత్రమే. పెంచిన కొద్దీ చిన్న కదలికలకి స్పందన పోతుంది, అసలు అనలాగ్ స్టిక్ ఎందుకు పెట్టారో ఆ ప్రయోజనమే పోతుంది.

అరుగుదల సంగతి దాచిపెట్టిన రహస్యం కాదు, విడిభాగం తయారీదారే కాగితం మీద రాసి ఇస్తాడు. పరికరాలు విప్పి చూసి రిపేర్ సూచనలు ప్రచురించే ఐఫిక్సిట్ సంస్థ, 2021లో ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌ను విప్పి, అందులోని ఆల్ప్స్ కంపెనీ స్టిక్‌కి 20 లక్షల సార్లు తిరిగేంత ఆయుష్షు రాసి ఉందని చూపించింది. కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్ లాంటి గేమ్‌లో స్టిక్ ఎంత తిరుగుతుందో లెక్కగట్టి, ఆ ఆయుష్షు సుమారు 417 గంటల ఆటకి సమానమని తేల్చింది. 20 లక్షలు దాటిన మరుక్షణం స్టిక్ చచ్చిపోతుందని కాదు, అంతవరకు పనితీరుకి హామీ అని అర్థం. అయినా ఆ 417ను కాస్త పరీక్షగా చూడాలి. రోజుకి రెండు గంటలు ఆడేవాళ్ళకి అది ఏడు నెలలు. రోజుకి గంట ఆడేవాళ్ళకి పద్నాలుగు నెలలకు కాస్త అటూ ఇటూ. వారంటీ ఏడాది. విపరీతంగా ఆడేవాడికి వారంటీలోనే మార్చి ఇస్తారు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రి ఒక గంట ఆడుకునేవాడికి మాత్రం వారంటీ ముగిసిన కొన్ని వారాలకి ఆ రాసిచ్చిన ఆయుష్షు తీరుతుంది.

ఈ సమస్యకి ఊరూరా పేరు తెచ్చింది మాత్రం జపాన్ గేమ్ కంపెనీ నింటెండో. 2017 మార్చిలో వచ్చిన దాని స్విచ్ కన్సోల్‌కి రెండు పక్కలా ఊడదీసే చిన్న కంట్రోలర్లు, అంటే జాయ్‌కాన్‌లు ఉంటాయి. అవి పలచగా ఉండాలి కాబట్టి స్టిక్‌నీ పలచగా చేశారు. మామూలు స్టిక్‌లో పక్కన డబ్బాల్లా ఉండే పొటెన్షియోమీటర్ల బదులు, అడుగున పరిచిన పొర మీద కార్బన్ ముద్రించి, దాని మీద చిన్న లోహపు కొసలు జారేలా పెట్టారు. అది అరగడం, దుమ్ము చొరబడడం రెండూ త్వరగానే బయటపడ్డాయి. 2019 జులైలో అమెరికాలో సామూహిక దావా పడింది. అక్కడ రుసుము లేకుండా రిపేర్లు మొదలయ్యాయి. 2020 జూన్ చివర్లో వాటాదారుల సమావేశంలో కంపెనీ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా క్షమాపణ చెప్పారు. 2021 జనవరిలో యూరప్ వినియోగదారుల సంఘాల సమాఖ్య బ్యూక్, దాదాపు 25,000 ఫిర్యాదులు పోగుచేసి యూరోపియన్ కమిషన్ ముందు పెట్టింది. చివరికి 2023లో యూరప్‌లో వారంటీ దాటినా ఉచితంగా బాగుచేసి ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. కన్సోల్ వచ్చిన ఆరేళ్ళకి.

ఈ మధ్యలో 2021 అక్టోబర్‌లో నింటెండో ఇంజనీర్లు తమ కంపెనీ ప్రచురించిన ఇంటర్వ్యూలో ఒక మాట అన్నారు. కారు నడిచిన కొద్దీ టైర్లు అరిగినట్టే, రాసుకుంటూ కదిలే స్టిక్ కూడా అరగక తప్పదని. ఆ మాట మీద చాలామంది మండిపడ్డారు. నిజానికి ఇంజనీరింగ్ పరంగా అందులో తప్పు లేదు. లోహం కార్బన్ మీద రాసుకుంటే కార్బన్ అరుగుతుంది. కానీ టైరు ప్రస్తావన తెచ్చినప్పుడు దాన్ని సగంలో ఆపకూడదు. టైరు అరుగుతుందని తెలుసు కాబట్టే దాన్ని నాలుగైదు నట్లతో బిగిస్తారు. డిక్కీలో స్టెప్నీ పెడతారు. అరుగుదల ఎంతవరకు వచ్చిందో తెలిసేలా రబ్బరులోనే గుర్తులు పోస్తారు. రోడ్డు పక్కన పంక్చర్ షాపులో కూడా మార్చగలరు, ఏ కంపెనీ టైరైనా సైజు కుదిరితే సరిపోతుంది. అరగడం తప్పదని ఒప్పుకున్న కంపెనీ, మార్చుకునే దారి మాత్రం ఎందుకు వదల్లేదు? కంట్రోలర్ల విషయంలో అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. అరుగుదల లోపం కాదు. అరుగుతుందని తెలిసిన భాగాన్ని ఊడదీయలేని చోట పెట్టడం లోపం.

డ్యువల్‌సెన్స్ విప్పిన రిపేర్ బల్ల ముందు నిలబడితే విషయం కళ్ళకి కడుతుంది. పై ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, స్క్రూలు తీసి, బ్యాటరీ పక్కన పెట్టి, బోర్డు బయటికి తీశాక స్టిక్ కనిపిస్తుంది. బోర్డు వెనక్కి తిప్పి చూస్తే ఒక్కో స్టిక్‌కి పద్నాలుగు కాళ్ళు. రెండు పొటెన్షియోమీటర్లవి మూడేసి, నొక్కుడు బటన్‌వి నాలుగు, చట్రాన్ని బోర్డుకి పట్టి ఉంచేవి నాలుగు. పద్నాలుగింటికీ టంకం. ఫ్యాక్టరీ టంకం తేలిగ్గా కరగదు, పైన తగరం, సీసం కలిసిన టంకం కొంచెం వేసి తడిపి, ఒక్కో రంధ్రం నుంచీ పీల్చి తీయాలి. పదమూడు ఖాళీ అయ్యి ఒకటి అంటుకుని ఉన్నా స్టిక్ రాదు. రాలేదని బలంగా లాగితే రంధ్రం చుట్టూ ఉన్న రాగి పొర లేచిపోతుంది. అక్కడితో కంట్రోలర్ మొత్తానికీ నీళ్ళొదులుకోవాలి. చేయి తిరిగిన టెక్నీషియన్‌కి ఇది అరగంట పని. ఇంట్లో మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టినవాడికి సాధ్యమయ్యే పని కాదు.

చిత్రమేమిటంటే, అంత చెడ్డపేరు తెచ్చుకున్న జాయ్‌కాన్‌లో పరిస్థితి ఇంతకన్నా నయం. దాని స్టిక్‌కి టంకం లేదు. రెండు స్క్రూలు, ఒక పలచటి రిబ్బన్ కేబుల్. మూడు రెక్కల తల ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కుంటే, కాస్త ఓపికతో ఎవరైనా మార్చుకోవచ్చు. త్వరగా చెడిపోయేది తేలిగ్గా మార్చుకునేలా ఉంది, కాస్త ఆలస్యంగా చెడిపోయేది మార్చుకోలేకుండా ఉంది. అయితే ఆ మూడు రెక్కల స్క్రూ కూడా ఊరికే పెట్టింది కాదు. మామూలు ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్‌తో తీయకూడదనే ఉద్దేశం అందులో ఉంది.

టంకం దాటాక ఇంకో అడ్డం ఉంటుంది. డ్యువల్‌సెన్స్ తన స్టిక్‌ల నడిమధ్య ఎక్కడో ఫ్యాక్టరీలోనే కొలిచి గుర్తు పెట్టుకుంటుంది. కొత్త స్టిక్ వేస్తే దాని మధ్య వేరే చోట ఉంటుంది, కంట్రోలర్ మాత్రం పాత కొలతనే పట్టుకుని కూర్చుంటుంది. కొత్త భాగం వేసినా డ్రిఫ్ట్ పోలేదని చాలామంది తలపట్టుకునేది ఇందుకే. ఆ కొలత మళ్ళీ తీయించే సాధనం వినియోగదారుడి చేతికి కంపెనీ ఇవ్వలేదు. కొందరు ఉత్సాహవంతులు కంట్రోలర్‌కి పంపే ఆదేశాలు శోధించి, బ్రౌజర్‌లోనే పనిచేసే ఉచిత సాధనం తయారుచేశారు. ఇప్పుడు రిపేర్ షాపులు వాడుతున్నది దాన్నే. ఆ పనికి కావలసిన సౌకర్యం కంట్రోలర్‌లో మొదటినుంచీ ఉంది, తలుపు మాత్రం మూసి ఉంచారు.

ఇదంతా దురుద్దేశమని ఒక్క మాటలో తేల్చేయడం సులువే కానీ, కారణాలు అంత సరళం కావు. పద్నాలుగు కాళ్ళ స్టిక్ దశాబ్దాలుగా కోట్ల సంఖ్యలో తయారవుతున్న వస్తువు. చవక. బోర్డు మీద పెట్టి టంకం తొట్టి మీదుగా పంపితే అన్ని కాళ్ళూ ఒకేసారి అతుక్కుంటాయి. దాన్ని విడిగా చిన్న బోర్డు మీద పెట్టి, కనెక్టర్ తగిలించి, స్క్రూలతో బిగించాలంటే ఒక్కో కంట్రోలర్‌కి కొద్దిగా ఖర్చు, కొద్దిగా చోటు, ఫ్యాక్టరీలో ఇంకో చెయ్యి. కోట్ల కంట్రోలర్ల మీద ఆ కొద్దే పెద్ద మొత్తమవుతుంది. కన్సోల్ వ్యాపారంలో లెక్కలు ఎలా ఉంటాయో కూడా చూడాలి. 499 డాలర్ల ప్లేస్టేషన్ 5ను మొదట్లో నష్టానికే అమ్మామని, ఆ నష్టం ఆగిందని సోనీ 2021 ఆగస్టులో చెప్పింది. ఎక్స్‌బాక్స్ కన్సోళ్ళ అమ్మకం మీద ఏనాడూ లాభం రాలేదని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి అదే ఏడాది, గేమ్ కంపెనీ ఎపిక్ యాపిల్ మీద వేసిన కేసులో కోర్టు ముందు చెప్పారు. మరి లాభం ఎక్కడ? గేముల్లో, సభ్యత్వాల్లో, విడిగా అమ్మే కంట్రోలర్లలో. అలాంటి చోట కంట్రోలర్ పదేళ్ళు నిలబడేలా చేయమని కంపెనీ లోపల అడిగేవాళ్ళు ఎవరుంటారు? ఎవరూ కుట్ర పన్నక్కర్లేదు. ఎవరూ ఆ ఖర్చు కోసం పట్టుబట్టకపోతే చాలు.

చేయగలరు అనడానికి సాక్ష్యం మాత్రం వాళ్ళ దుకాణంలోనే ఉంది. 2023 జనవరిలో సోనీ డ్యువల్‌సెన్స్ ఎడ్జ్ తెచ్చింది. ముందు భాగం మీది మూత తీసి, చిన్న మీట ఎత్తి, స్టిక్ మొత్తాన్ని పెట్టెలోంచి తీసినట్టు తీసేయొచ్చు. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, టంకం అక్కర్లేదు. కొత్త స్టిక్ ధర అమెరికాలో 19.99 డాలర్లు. కంట్రోలర్ ధర 199.99 డాలర్లు, అప్పటి మామూలు డ్యువల్‌సెన్స్‌కి దాదాపు మూడింతలు. మామూలు కంట్రోలర్ కొన్నవాడికి అవసరమైన సౌకర్యాన్ని విలాసంగా మార్చి అమ్మడం ఇది. పైగా ఎడ్జ్ లోపల ఉన్నదీ అదే అరిగే రకం స్టిక్. మైక్రోసాఫ్ట్ 2023 నుంచి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ విడిభాగాలు అమ్ముతోంది, అది మెచ్చుకోదగ్గదే. అయితే స్టిక్ విడిగా దొరకదు, స్టిక్‌లు అతికించి ఉన్న బోర్డు మొత్తం కొనాలి. వీళ్ళందరికన్నా సూటిగా వ్యవహరించింది అమెరికా గేమ్ కంపెనీ వాల్వ్. చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ 2022 ఫిబ్రవరిలో కొన్నవాళ్ళ చేతికి వచ్చింది; అంతకు ముందే దాన్ని ఎలా విప్పాలో వీడియో పెట్టింది, తర్వాత ఐఫిక్సిట్ ద్వారా విడిభాగాలు అమ్మించింది. అందులో స్టిక్‌కి మూడు స్క్రూలు, ఒక రిబ్బన్ కేబుల్. అది మొదట 399 డాలర్లకే అమ్మిన యంత్రం. కాబట్టి చవక ధరకీ మార్చుకునే స్టిక్‌కీ పొసగదనే వాదన నిలబడదు.

అసలు అరగని స్టిక్ పెట్టొచ్చు కదా అనే ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. పెట్టొచ్చు. అయస్కాంతం కదిలితే సెన్సర్‌లో వోల్టేజీ మారే హాల్ ఎఫెక్ట్‌ను ఎడ్విన్ హాల్ 1879లోనే కనిపెట్టాడు. స్టిక్ అడుగున అయస్కాంతం, దానికి తగలకుండా సెన్సర్, రాపిడే లేదు. ఇది గేముల్లోకి ఈ మధ్య వచ్చిందీ కాదు. సెగా తన శాటర్న్ కన్సోల్‌కి 1996లో తెచ్చిన అనలాగ్ కంట్రోలర్‌లో, 1998 నాటి డ్రీమ్‌కాస్ట్‌లో ఇలాంటి సెన్సర్లే ఉన్నాయి. సెగా హార్డ్‌వేర్ వ్యాపారం మానుకుంది, మిగిలిన కంపెనీలు కార్బన్ పట్టీతోనే సాగాయి. రెండు దశాబ్దాల తర్వాత గులికిట్, 8బిట్‌డో లాంటి చైనా కంపెనీలు తక్కువ ధర కంట్రోలర్లలో హాల్ స్టిక్‌లు పెట్టి మళ్ళీ వాటికి గిరాకీ తెచ్చాయి. ఇప్పుడు అలాగే అయస్కాంతంతో పనిచేస్తూ, కరెంటు ఇంకా తక్కువ తీసుకునే టీఎంఆర్ సెన్సర్లు కూడా వచ్చాయి.

హాల్ స్టిక్ వేస్తే జన్మలో డ్రిఫ్ట్ రాదని అమ్మేవాళ్ళు చెప్పేది మాత్రం పూర్తిగా నమ్మక్కర్లేదు. సెన్సర్ అరగదు, నిజమే. స్టిక్‌ను మధ్యకి లాగే స్ప్రింగ్ అలసిపోతుంది, ప్లాస్టిక్ ఇరుసులు వదులవుతాయి, వేలు వదిలాక స్టిక్ నడిమధ్యకి రాకపోతే ఎంత మంచి సెన్సరైనా ఉన్నదున్నట్టు అదే చెబుతుంది. చవక రకాల్లో అయస్కాంతం అమరిక సరిగ్గా లేక కదలిక ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా ఉండటమూ ఉంది. సెన్సర్ మార్చడం మంచిదే. మార్చుకునే వీలుకి అది ప్రత్యామ్నాయం కాదు. ఇంత జరిగాక 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 జాయ్‌కాన్‌లోనూ నింటెండో హాల్ స్టిక్ పెట్టలేదు. విప్పి చూసిన ఐఫిక్సిట్‌కి మళ్ళీ రాపిడితో అరిగే పొటెన్షియోమీటర్ రకమే కనిపించింది. మొత్తం కన్సోల్‌కి రిపేర్ సౌలభ్యంలో పదికి మూడు మార్కులు వేసింది. ఇది నిరాశ కలిగించే నిర్ణయం. ఆరేళ్ళ వ్యాజ్యాలూ క్షమాపణలూ దాటి వచ్చిన కంపెనీ నుంచి ఇంతకన్నా మెరుగైనది ఆశించడం అత్యాశ కాదు.

చట్టాలు ఎటు చూస్తున్నాయంటే, కన్సోళ్ళ దగ్గరికి వచ్చేసరికి పక్కకి తిరుగుతున్నాయి. అమెరికాలో జాయ్‌కాన్ దావా, వాడకం ఒప్పందంలోని మధ్యవర్తిత్వ షరతు కారణంగా 2020లో కోర్టు గడప దాటి మధ్యవర్తి దగ్గరికి పోయింది. ఎవరూ చదవకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కే ఒప్పందమే అది. కాలిఫోర్నియా 2023లో తెచ్చిన రిపేర్ హక్కు చట్టం ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఇంటి ఉపకరణాల విడిభాగాలు అందుబాటులో ఉంచమంది. గేమ్ కన్సోళ్ళకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. మిన్నెసోటా చట్టం చేసిందీ అదే. పైరసీ పెరుగుతుందన్నది పరిశ్రమ వాదన. ఆ వాదనకి డిస్క్ డ్రైవ్ దగ్గర కాస్త అర్థం ఉంది, అందుకే ప్లేస్టేషన్ 5లో డ్రైవ్‌ను మదర్‌బోర్డుతో జత కట్టేశారు. వేలి కింద వంగే స్టిక్‌కీ పైరసీకీ ఏ సంబంధమూ లేదు. స్టిక్ మార్చుకున్నవాడు ఏ గేమ్‌నీ దొంగిలించలేడు.

మన దగ్గర పరిస్థితి ఇంకో రకం. నింటెండో స్విచ్‌ను భారతదేశంలో అధికారికంగా అమ్మలేదు. ఇక్కడ దొరికేవన్నీ దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో వ్యాపారులు తెచ్చినవే, లేదంటే అమెరికా నుంచి బంధువులు పట్టుకొచ్చినవి. యూరప్‌లో ఇచ్చే ఉచిత రిపేర్ ఇక్కడి జాయ్‌కాన్‌కి వర్తించదు. అలాగని ఇక్కడ కంట్రోలర్లు ఊరికే పారేస్తారనుకోకూడదు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాల దుకాణాలున్నాయి, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ బోర్డుల మీద అంతకన్నా సూక్ష్మమైన టంకం పని రోజూ చేసే చేతులున్నాయి. సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్ కంప్యూటర్ హార్డ్‌వేర్‌కి పెట్టింది పేరు. స్టిక్ ఖరీదు వందల్లోనే, కూలీతో కలిపినా కొత్త కంట్రోలర్ ధరకి దరిదాపుల్లో ఉండదు. నైపుణ్యం మన దగ్గర ఉంది. లేనిది అసలు విడిభాగం, దాని కొలత సరిచేసే అధికారిక సాధనం, విప్పితే వారంటీ పోతుందన్న భయం లేకపోవడం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రిపేర్ హక్కు పోర్టల్ ప్రారంభించింది. ఫోన్లు, ట్యాబ్లెట్లను విప్పి బాగుచేసుకోవడం ఎంత సులువో మార్కులు వేసే సూచీ కోసం 2024లో కమిటీ వేసింది, ఆ నివేదిక 2025లో వచ్చింది. బ్యాటరీ, డిస్‌ప్లే, కెమెరా, ఛార్జింగ్ పోర్టు లాంటి భాగాలు ఎంత తేలిగ్గా మార్చొచ్చు, ఏ పనిముట్లు కావాలి, విడిభాగాలు దొరుకుతాయా అన్నవి అందులో కొలతలు. గేమ్ కంట్రోలర్ ఆ సూచీ పరిధిలో లేదు. చేర్చడానికి కొత్త పద్ధతి కనిపెట్టాల్సిన పని కూడా లేదు. స్టిక్ బోర్డుకి టంకంతో అతికి ఉందా, కేబుల్‌తో ఉందా? విప్పడానికి మామూలు స్క్రూడ్రైవర్ సరిపోతుందా? మార్చాక మధ్యస్థానం సరిచేసే మెనూ కన్సోల్ సెట్టింగుల్లో ఉందా? ఈ మూడింటికి జవాబులు కంట్రోలర్ డబ్బా మీద అచ్చు వేయిస్తే, దుకాణంలో ఐదారు వేలు తీసి ఇచ్చే ముందే కొనేవాళ్ళకి తెలుస్తుంది.